ఉదయం పూట ఇన్వర్టర్ ‘ఇన్సులేషన్ తక్కువ’ అంటోంది, ఫాల్ట్ ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

కర్నూలులో మీ గోడౌన్ రేకుల మీద సోలార్ ఉంది, వాన పడిన మర్నాడు ఇన్వర్టర్ ఈ ఫాల్ట్ (వైర్ల నుంచి ఎర్త్‌కు కరెంటు లీకవుతోందని) చూపించి ఆగిపోతోంది, ఎండెక్కాక దానంతట అదే స్టార్ట్ అవుతోంది అన్నారు. వచ్చినాయన రీసెట్ కొట్టి వెళ్లిపోయాడని కూడా రాశారు. అన్నా, దాన్ని అలా వదిలేయొద్దు.

ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇన్వర్టర్లకు పెట్టే స్ట్రింగుల్లో (వరసగా ఒకదానికొకటి కలిపిన ప్యానెళ్లు) ప్లస్‌ను గానీ మైనస్‌ను గానీ ఎర్త్‌కు కలపరు. అందుకే ఒక వైరు ఫ్రేముకు తగిలినా ఫ్యూజు పోదు. రెండో చోట కూడా తగిలిందంటే ఆ రెండింటి మధ్య ఇనుములోంచి కరెంటు పారుతుంది. డీసీ ఆర్క్ ఒక పట్టాన ఆరదు, ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్లను ఆఫ్ చేయలేం. ఒక్క చోటే తగులుతున్నా, అలా ఎర్త్ అయిన స్ట్రింగులో బేర్ వైరు ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

నేను తాడిపత్రి వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల పైనున్న ప్లాంట్ల మెయింటెనెన్స్ చూస్తాను. చాలామంది ముందే ప్యానెళ్లు విప్పడం మొదలుపెడతారు. అక్కర్లేదు, మల్టీమీటరే చోటు చెబుతుంది. కాకపోతే తడి ఆరకముందే, అలారం ఉండగానే కొలవాలి. మధ్యాహ్నం వెళ్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

ఇన్వర్టర్ ఆపి, డీసీ స్విచ్ ఆఫ్ చేసి, స్ట్రింగులన్నీ విడదీయండి. లోడ్ మీద, అంటే కరెంటు పారుతుండగా, ఎంసీ4 కనెక్టర్ (ప్యానెల్ వైర్లను కలిపే ప్లగ్గు) ఎప్పుడూ లాగొద్దు. మీటరు, ప్రోబులు మీ స్ట్రింగ్ వోల్టేజికి తగిన రేటింగువై ఉండాలి, చేతికి షాక్ తగలనివ్వని గ్లవుజులు ఉండాలి. ఒక్కో స్ట్రింగుకు మూడు రీడింగులు తీయండి: ప్లస్‌కు మైనస్‌కు మధ్య, ప్లస్‌కు ఎర్త్‌కు మధ్య, మైనస్‌కు ఎర్త్‌కు మధ్య. మంచి స్ట్రింగులో ఎర్త్ రీడింగులు నిలవవు, జారుతూ సున్నా వైపు పోతాయి. ఫాల్ట్ ఉన్నదానిలో కదలకుండా నిలబడతాయి.

ఉదాహరణకు 18 ప్యానెళ్లు, ఒక్కోటి 45 వోల్టులు, మొత్తం 810. ప్లస్ నుంచి ఎర్త్‌కు 225, మైనస్ నుంచి ఎర్త్‌కు 585 వచ్చాయనుకోండి. 225ను 45తో భాగిస్తే 5. అంటే ప్లస్ వైపు నుంచి 5, 6 ప్యానెళ్ల మధ్య చూడాలి. ఎర్త్ రీడింగులు రెండూ కలిపినా 810 రాకపోతే కంగారు పడకండి. లీకేజి పలచగా ఉన్నప్పుడు అలాగే వస్తుంది, అప్పుడు కూడా వాటి నిష్పత్తి సరిగ్గానే ఉంటుంది. ప్లస్ దగ్గర సున్నా నిలబడి, మైనస్ దగ్గర మొత్తం వోల్టేజి వస్తే ప్లస్ మెయిన్ కేబుల్ ఎక్కడో తగులుతోందని అర్థం. లెక్క చూపిన చోట ఏమీ దొరక్కపోతే ఒకటి కాదు, రెండు చోట్ల తగులుతోందేమో చూడండి. అప్పుడు లెక్క ఆ రెండింటికీ నడుమ చోటును చూపిస్తుంది.

మా దగ్గర ఎక్కువగా దొరికేది, వైరును కట్టిన టై తెగి రేకు గాడిలో పడిన కనెక్టర్. దాని చుట్టూ బండల పొడి గడ్డకట్టి ఉంటుంది, అది తడిస్తే చాలు లీకేజి మొదలు. క్లాంపు కింద నలిగిన వైరైతే పైకి ఏమీ కనిపించదు, క్లాంపు ఎత్తి వేలితో తడిమితేనే తొక్క చిట్లిన చోటు తగులుతుంది. డీసీ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా, స్ట్రింగు విడదీసినా గ్లవుజులు తీయకుండానే తడమాలి. ఆ వైరుకు టేపు చుట్టి సరిపెట్టొద్దు, ముక్క మార్చాల్సిందే.

రిపేరయ్యాక అక్కడ నీళ్లు చల్లి మళ్లీ కొలవండి. రీడింగులు, స్ట్రింగులో ఎన్ని ప్యానెళ్లో ఇక్కడ పెడితే లెక్క నేను కూడా చూస్తాను.