కొత్త వాషింగ్ మెషిన్ నెల తిరక్కుండానే మొరాయిస్తే మార్చి ఇవ్వరా?

సందేహం: లాయర్ గారూ నమస్తే. మాది తెనాలి. ఇరవై నాలుగు రోజుల క్రితం ఇక్కడి షోరూంలో 8 కిలోల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ 34,500కి తీసుకున్నాం. కార్డు ఆఫర్ ఉందని బెంగళూరులో ఉండే మా తమ్ముడి కార్డు మీద ఈఎంఐ పెట్టించాం, బిల్లు కూడా వాడి పేరునే వచ్చింది. రెండో వారం నుంచే స్పిన్ దగ్గర ఆగిపోతోంది, డ్రమ్ములో నీళ్లు అలాగే ఉండిపోయి తలుపు తెరుచుకోదు, ఎప్పుడైనా తిరిగిందంటే గోడ దగ్గర్నుంచి జరిగి వచ్చేస్తోంది. టెక్నీషియన్ మూడుసార్లు వచ్చాడు, ఒకసారి బోర్డు మార్చాడు, మొన్న వచ్చి మీ బోరు నీళ్ల వల్ల, వోల్టేజీ వల్ల అని చెప్పి వెళ్లాడు. షోరూం వాళ్లు కంపెనీతో మాట్లాడుకోండి అంటారు, కంపెనీ వాళ్లు రిపేరే గానీ మార్చడం మా పాలసీలో లేదంటారు. బిల్లు కింద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని అచ్చేసి ఉంది. కొత్త మెషిన్ అడిగే హక్కు మాకుందా? మావారు ఈఎంఐ కట్టడం ఆపేద్దామంటున్నారు.

జవాబు: అమ్మా, అడిగే హక్కు ఉంది, ఇస్తారా లేదా అన్నది మాత్రం మీ చేతిలో ఉన్న కాగితాల్ని బట్టి ఉంటుంది. అన్నిటికంటే ముందు ఒకటి, మీరు కొని ఇరవై నాలుగు రోజులైందన్నారు కదా, అంటే ఈ వారం చాలా ముఖ్యం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్‌ఫెయిర్ ట్రేడ్ ప్రాక్టీస్ అంటే ఏంటో (అంటే అన్యాయమైన వ్యాపార పద్ధతి) చెప్పే చోట ఒక మాట ఉంది, లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులోపల, బిల్లులో గడువేమీ రాయకపోతే 30 రోజుల లోపల వాపసు తీసుకుని డబ్బులు ఇవ్వనంటే అది కూడా అన్‌ఫెయిర్ ట్రేడ్ ప్రాక్టీసే అని. మీ బిల్లు మీద ఉన్న ఆ 'తీసుకోబడదు' అనే లైను గడువు కిందికి రాదు, గడువు పెట్టడం వేరు, అసలు తీసుకోనే తీసుకోం అనడం వేరు, వినియోగదారుల కేసులు వినే కమిషన్ ముందు నేనైతే ఇలాగే వాదిస్తాను. కాబట్టి 30 రోజులు నిండకముందే షోరూంకీ కంపెనీకీ ఇద్దరికీ 'మెషిన్ వాపసు తీసుకోండి, కొత్తదన్నా ఇవ్వండి లేదా డబ్బులన్నా ఇవ్వండి' అని రాతపూర్వకంగా అడిగేసి ఉండాలి. కాల్ సెంటర్‌కి చేసిన ఫోన్లు ఇందుకు సరిపోవు. అలాగని 30 రోజులు దాటితే కేసు పోయిందని భయపడకండి, కంప్లైంట్ వేసుకోవడానికి చట్టం రెండేళ్లు టైమిచ్చింది, కానీ గడువులోపు అడిగినవాళ్ల మాటకుండే బరువే వేరు.

ఇక చేదు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది వస్తువు చెడిపోగానే కొత్తది ఇచ్చి తీరాలి అనుకుని వస్తారు. అలా ఆటోమేటిగ్గా ఏమీ రాదు. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే వారంటీలో చెడిన పార్టు మారుస్తామని రాసి ఉన్నప్పుడు మొత్తం కారునే మార్చమనడం కుదరదని, ఇప్పటికీ కంపెనీల లాయర్లు మిక్సీ కేసులో కూడా ఆ తీర్పే పట్టుకొస్తారు. దాన్ని దాటాలంటే మనం చూపించాల్సింది ఇది పార్టు మారిస్తే పోయే రోగం కాదు, తయారీలోనే తేడా ఉంది అని. మీకు కలిసొచ్చేది ఏంటంటే మొదటి నెలలోనే, ఒకే కంప్లైంట్ మీద మూడు విజిట్లు, బోర్డు మార్చాక కూడా అదే ప్రాబ్లం. ఇది మంచి పాయింటే, కానీ ఇది కాగితం మీద ఉందా? అసలు ప్రశ్న అది.

కాగితం సంగతి చెప్పేముందు ఇంకొకటి. అవతలి లాయర్ మొట్టమొదట అనేది 'ఇన్‌స్టలేషన్ సరిగ్గా లేదు, వాడకం సరిగ్గా లేదు' అని, కాబట్టి ఆ మాటకి చోటు లేకుండా మీరే ఒకసారి చూసుకోండి. ఫ్రంట్ లోడ్ మెషిన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు లారీలో డ్రమ్ము కదలకుండా వెనకవైపు పొడవాటి బోల్టులు బిగించి పంపుతారు, ఎక్కువ మోడళ్లలో నాలుగు ఉంటాయి, ఇన్‌స్టలేషన్‌కి వచ్చినవాడు వాటిని తీసేసి ఆ కన్నాలకి ప్లాస్టిక్ మూతలు పెట్టాలి. తీయకుండా తిప్పితే మెషిన్ మీరు చెప్పినట్టే ఊగుతూ ఊగుతూ జరిగి వచ్చేస్తుంది. మీ మెషిన్ వెనక్కి వెళ్లి చూడండి, మూతలున్నాయా బోల్టు తలకాయలు కనిపిస్తున్నాయా? బోల్టులే ఉంటే ఫోటో తీసి కంపెనీకి కంప్లైంట్ పెట్టండి, మీరు మాత్రం విప్పొద్దు, వాళ్ల మనిషి వచ్చి విప్పి జాబ్ షీట్ (వచ్చి ఏం చేశాడో రాసిచ్చే కాగితం) మీద ఆ సంగతి రాయాలి, ఎందుకంటే అది వాళ్ల మనిషి చేసిన తప్పు, చట్టం భాషలో సర్వీసులో లోపం, మీది కానే కాదు. అన్ని రోజులు అలాగే తిరిగినందుకు లోపల స్ప్రింగులు గానీ బేరింగు గానీ దెబ్బతింటే దానికి కూడా వాళ్లదే బాధ్యత.

నీళ్లు నిలిచిపోవడం వేరే గొడవ. నేను మెకానిక్‌ని కాదు గానీ ఈ కేసులు చూసి చూసి ఇంత తెలిసింది, నీళ్లు బయటికి పోకపోతే మెషిన్ స్పిన్‌కి వెళ్లదు, తలుపు లాకూ వదలదు. అంటే ముందు చూడాల్సింది డ్రైన్ పంపు, దాని ఫిల్టరు, పైపు. కింద మూలన చిన్న తలుపు ఉంటుంది, మాన్యువల్‌లో ఎలా తీయాలో బొమ్మ వేసి ఉంటుంది, ప్లగ్గు తీసేసి, వేడి నీళ్ల వాష్ పెట్టి ఉంటే చల్లారాక, నీళ్లు పట్టుకోవడానికి ఒక పళ్లెం పెట్టుకుని తీసి చూడండి, పిన్నీసో రూపాయి బిళ్లో దొరికిందా సమస్య అక్కడే తీరిపోవచ్చు. ఏమీ దొరక్కపోతే ఆ ఖాళీ ఫిల్టర్ వీడియోనే మీకు సాక్ష్యం. మరి ఇంత చిన్న సంగతి చూడకుండా ఆయన బోర్డు ఎందుకు మార్చాడో అని నాకూ అనుమానమే, మార్చిన బోర్డు వివరం జాబ్ షీట్ మీద ఉందో లేదో చూసుకోండి.

బోరు నీళ్లు, వోల్టేజీ అన్నాడు కదా. ఉప్పు నీళ్ల వల్ల హీటర్ మీద తెల్లటి పొర కట్టడం నిజమే, అది నెలల తరబడి మెల్లగా జరిగేది, రెండో వారానికే స్పిన్ ఆగిపోవడానికి అదే కారణమంటే నమ్మడం కష్టం. వోల్టేజీ అంటే ఇంకా తేలిక, ఎంత ఉంది, ఏ రోజు కొలిచావు, మీటర్ రీడింగ్ రాసి సంతకం పెట్టు అనండి, సగం మంది అక్కడే ఆగిపోతారు. మీ వైపు నుంచి ఒక లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఆ ప్లగ్గు పాయింట్ దగ్గర వోల్టేజీ ఎంత, ఎర్తింగ్ ఉందా లేదా చూసి ఒక కాగితం మీద తేదీతో రాయించుకోండి, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ఇప్పుడు జాబ్ షీట్, ఓటీపీ. మన తెలుగువాళ్ల కేసులు సగం ఇక్కడే చచ్చిపోతున్నాయి అని నా కడుపుమంట. టెక్నీషియన్ వస్తాడు, ఏదో చేస్తాడు, ఒక ఖాళీ రౌండు తిప్పి చూపిస్తాడు, బట్టలు వేసి కాదు సుమా, తర్వాత మీ ఫోన్‌కి ఒక కోడ్ వస్తుంది, 'మేడమ్ అది చెప్పండి కాల్ క్లోజ్ చేయాలి' అంటాడు. పాపం అతనికీ టార్గెట్లు ఉంటాయి, మనం మంచితనానికి పోయి చెప్పేస్తాం. ఆ క్షణాన కంపెనీ కంప్యూటర్‌లో 'సమస్య తీరింది, కస్టమర్ సాటిస్ఫైడ్' అని పడిపోతుంది, రేపు కమిషన్ ముందు మూడు విజిట్లూ విజయవంతం అని ప్రింట్ తీసి పెడతారు. అందుకని తడి బట్టలతో పూర్తి రౌండు మీ కళ్లముందు తిరిగేదాకా కోడ్ చెప్పొద్దు. చెప్పకపోతే నాకు జీతం కట్ అవుతుంది అని బతిమాలితే, పేపర్ జాబ్ షీట్ మీద మీ సంతకం పక్కనే మీ చేత్తో 'స్పిన్ సమస్య అలాగే ఉంది, ఈ సంతకం విజిట్ జరిగిందని మాత్రమే' అని రాసి ఫోటో తీసుకోండి. ఇప్పటికే మూడుసార్లు కోడ్ ఇచ్చేసి ఉంటారు, పర్లేదు, ఒక్కో విజిట్ తర్వాత మళ్లీ అదే కంప్లైంట్ రిజిస్టర్ చేసినట్టు మీ ఫోన్‌లో మెసేజ్‌లు ఉంటాయి కదా, సమస్య తీరలేదనడానికి అవే సాక్ష్యం, ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు. ఎర్రర్ కోడ్ డిస్ప్లే మీద వెలుగుతున్నప్పుడు, డ్రమ్ములో నీళ్లు కనపడేలా, మెషిన్ మీదున్న సీరియల్ నంబర్ స్టిక్కర్ కూడా వచ్చేలా కట్ లేకుండా ఒకే వీడియో తీయండి.

మధ్యలో ఒక జాగ్రత్త, కస్టమర్ కేర్ నంబర్ వారంటీ కార్డు మీద చూసి చేయండి, గూగుల్‌లో వెతికి పైన కనపడ్డ నంబర్‌కి చేస్తే దొంగలు దొరికే ప్రమాదం ఉంది, ఏదో యాప్ వేసుకోమని, పది రూపాయలు కట్టమని అంటే వెంటనే ఫోన్ కట్ చేసేయండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఉత్తరం విషయానికొద్దాం. లాయర్ నోటీసే ఉండాలని చట్టంలో లేదు, మీరే తెలుగులో రాసినా చెల్లుతుంది, కంపెనీకి ఇంగ్లిష్ కాపీ ఒకటి జతచేస్తే త్వరగా చదువుతారు. బిల్లు నంబరు, తేదీ, మోడల్, సీరియల్ నంబరు, ఒక్కో కంప్లైంట్ నంబరు దాని తేదీ, ఎవరొచ్చి ఏం చేశారు, ఇప్పుడు పరిస్థితి ఏంటి, చివర్లో పదిహేను రోజుల్లోపు మెషిన్ మార్చండి లేదా 34,500 తిరిగి ఇవ్వండి అని. తిట్లు వద్దు, మనోవేదన గురించి ఒక లైను చాలు. ఈమెయిల్ చేయండి, స్పీడ్ పోస్టు కూడా చేయండి, రసీదు, డెలివరీ అయినట్టు ట్రాకింగ్‌లో కనపడే పేజీ ప్రింటు దాచుకోండి. షోరూంని వదిలేయొద్దు, వాళ్లు కంపెనీ మీదికి తోసేయడం మామూలే గానీ డబ్బు తీసుకుని బిల్లిచ్చింది వాళ్లు, కాబట్టి ఉత్తరంలోనూ రేపు కేసులోనూ ఇద్దర్నీ చేర్చాలి.

ఉత్తరం పంపిన రోజే 1915కి కూడా ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు కోర్టు కాదు, ఆర్డర్ వేయలేరు, కంపెనీకి మీ ఫిర్యాదు పంపి జవాబు తెప్పిస్తారు, అంతే. కానీ పెద్ద కంపెనీల్లో ఆ ఫిర్యాదులు చూసే టీమ్ వేరే ఉంటుంది, కాల్ సెంటర్‌లో కుదరదన్న రీప్లేస్‌మెంట్ అక్కడ కుదిరిన సందర్భాలు నేను చూశాను. ఈ దశలో 'ఇంకో మూడు నెలలు వారంటీ పెంచుతాం' అని ఆఫర్ వస్తే తొందరపడి ఒప్పుకోకండి, చెడిన మెషిన్‌కి వారంటీ పెరిగి మనకి ఒరిగేదేముంది.

అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీకు గుంటూరు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేసుకోవచ్చు, మొదట్లో పోర్టల్ కాస్త విసిగిస్తుంది, ఓపిక పట్టండి. అవతలివాళ్లు నోటీసు అందాక 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. తయారీ లోపమా కాదా అని మాటతో తేలకపోతే కమిషన్ దాన్ని పరీక్షకి పంపొచ్చు, మీరే అర్హత ఉన్న ఇంజినీరుతో రిపోర్టు రాయించి పెట్టుకుంటే ఇంకా మంచిది. చట్టంలో రాసింది మూడు నెలల్లో తేల్చాలని, పరీక్షకి పంపితే ఐదు నెలలని, నిజంగా అయితే వాయిదాలతో అంతకంటే ఎక్కువే పడుతుంది, ముందే మనసులో పెట్టుకోండి. అడిగేటప్పుడు మెషిన్ ధర, వడ్డీ, చాకలికి ఇచ్చిన డబ్బుల రసీదులుంటే అవి, ఖర్చులు, న్యాయంగా ఉండే నష్టపరిహారం అడగండి. 34,000 మెషిన్‌కి 5 లక్షల మనోవేదన అడిగితే అసలు పాయింటే పలచనవుతుంది.

బిల్లు తమ్ముడి పేరున ఉందని కంగారొద్దు. కొన్నవాళ్ల అనుమతితో వాడుకునేవాళ్లు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. అయినా కంపెనీకి సాగదీసే సాకు ఇవ్వడం ఎందుకు, తమ్ముడు గారినీ మిమ్మల్నీ ఇద్దర్నీ ఫిర్యాదుదారులుగా వేయండి, ఆయన ప్రతిసారి రాకుండా మీకు ఒక ఆథరైజేషన్ లెటర్ ఇస్తే సరిపోతుంది. ఆయన బెంగళూరులో ఉన్నా షోరూం తెనాలిలో ఉంది, మీరూ అక్కడే ఉంటున్నారు, కాబట్టి గుంటూరులో వేయడానికి అడ్డేమీ లేదు. ఒక్కటి మాత్రం, మెషిన్ ఇంటి వాడకానికే కదా? ఇంట్లో పేయింగ్ గెస్టులనో హాస్టల్‌నో పెట్టుకుని వాళ్ల బట్టలకి వాడుతుంటే అది వ్యాపారం అని వాదన తెస్తారు, అలాంటిదేమైనా ఉంటే ముందే చెప్పండి.

ఈఎంఐ మాత్రం ఆపొద్దని మీవారికి చెప్పండి. మెషిన్ గొడవ షోరూంతో, అప్పు బ్యాంకుతో, రెండూ వేర్వేరు కాంట్రాక్టులు. ఆపితే లేట్ ఫీజులు, వడ్డీ, సిబిల్ స్కోర్ దెబ్బ, అదీ మీకు కాదు, కార్డు ఉన్న పాపానికి మీ తమ్ముడికి. కట్టిన ఈఎంఐల స్టేట్‌మెంట్ దాచి పెట్టండి, వడ్డీతో సహా తిరిగి అడగడానికి అదే లెక్క.