వారంటీ అయిపోయినా హక్కు మిగిలే ఉంటుంది

ఏడాది వారంటీ ముగిసిన నెలకే ఫ్రిజ్ కంప్రెసర్ పోయిందని, ఖర్చంతా మీదేనని సర్వీస్ సెంటర్ వాళ్లు తేల్చేశారని రాశారు. డబ్బు కట్టేముందు కాస్త ఆగండి.

ముందు వారంటీ కార్డులో చిన్న అక్షరాలు చదవండి. ఫ్రిజ్ మొత్తానికి ఏడాదే ఇచ్చినా, కంప్రెసర్‌కి విడిగా ఎక్కువ ఏళ్లు ఇచ్చే కంపెనీలు చాలానే ఉన్నాయి. అలా ఉంటే ఆ భాగం ఉచితం, గ్యాస్‌కీ పనికూలికీ మాత్రం వాళ్లు డబ్బు అడగొచ్చు.

అది లేకపోయినా దారి మూసుకుపోలేదు. వారంటీ కంపెనీ ఇచ్చే మాట. చట్టం ఇచ్చే రక్షణ దానికంటే వేరు. భారత్‌లో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, ఫిర్యాదుకు కారణం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. ఇంగ్లండ్‌లో అయితే అమ్మినవాళ్లమీద 6 ఏళ్ల దాకా దావా వేయొచ్చు. రెండుచోట్లా అసలు చిక్కు ఒకటే: లోపం తయారీలోనే ఉందని మీరు చూపించాల్సి రావడం.

అందుకే టెక్నీషియన్ నోటిమాటతో వదిలేయకండి. ఏ భాగం, ఎందుకు పోయిందో జాబ్ షీట్ (వాళ్లు చేసిన పని రాసిచ్చే కాగితం) మీద రాయించుకుని సంతకం పెట్టించండి. వాళ్లు వోల్టేజ్ మీదకు నెడితే, ఏ ఆధారంతో అంటున్నారో అదీ రాయమనండి. పాడైన భాగాన్ని వాళ్లకు ఇచ్చేయకండి, రేపు అదే మీ సాక్ష్యం.

తర్వాత బిల్లు, సీరియల్ నంబరు, జాబ్ షీట్ జతచేసి, కంపెనీకీ అమ్మిన షాపుకీ ఒకే మెయిల్ పెట్టండి. ఉచిత రిపేరు కావాలని స్పష్టంగా అడిగి, 15 రోజుల గడువివ్వండి. కదలకపోతే, భారత్‌లో ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.