సముద్రం ఫొటోల కోసం రెండు లక్షల నలభై వేల కెమెరా: వాయిదాల్లో కొనవచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. తిరుపతిలో అద్దెకు ఉంటూ, కంపెనీ బస్సులో రోజూ శ్రీసిటీలోని కర్మాగారానికి వెళ్లి వస్తాను. చేతికి నెలకు 64,000 రూపాయలు వస్తుంది. భార్య, ఒకటో తరగతి చదివే పాప ఉన్నారు. అమ్మానాన్నలు పలమనేరులో ఉంటారు. నాన్నకు 66 ఏళ్లు, షుగరు ఉంది. అద్దె 13,000, ఇంటి ఖర్చులు 17,000, పాప బడి 4,000, కారు వాయిదా 9,200 (ఇంకా 22 నెలలు), చీటీ 5,000 (రెండు లక్షల చీటీ, 40 నెలలకు 17 నెలలు కట్టాను), అమ్మానాన్నలకు 5,000 పోతుంది. పొదుపు ఖాతాలో 70,000 ఉంది. ఫొటోలు తీయడం నాకు ఇష్టం. 412 రోజులుగా రోజుకొక ఫొటో తప్పకుండా తీస్తున్నాను. నెలలో రెండు ఆదివారాలు కారులో మైపాడు తీరానికి వెళ్తాను. దానికి ఆరు వేలవుతుంది. ఏడేళ్ల నాటి కెమెరాను పక్కన పెట్టి 2,40,000 రూపాయల ఫుల్ ఫ్రేమ్ (బొమ్మను పట్టే సెన్సరు పెద్దగా ఉండే) కెమెరా, లెన్సు 24 నెలల వడ్డీ లేని వాయిదాల్లో కొనాలని, చీటీ పాడి ఆ డబ్బుతో తడ నుంచి ఇచ్ఛాపురం దాకా పది రోజులు తీరం వెంట తిరగాలని ఉంది. తర్వాత ఫొటోలు అమ్మి ఇదంతా రాబట్టుకోవచ్చు కనుక దీన్ని పెట్టుబడిగా భావించవచ్చా?

జవాబు: భావించకండి. మీ ఉత్తరంలో నాకు ఇబ్బందిగా తోచిన మాట అదొక్కటే. మిగతావన్నీ సర్దుబాటు చేసుకోగలిగినవే. పెళ్లిళ్లకు ఫొటోలు తీయడానికి వెళ్లే ఆలోచన గురించి మీరెక్కడా రాయలేదు. తీరం ఫొటోలను, పక్షుల ఫొటోలను ఇంటర్నెట్టులో అమ్మకానికి పెట్టేవారు లెక్కలేనంత మంది ఉన్నారు, ఒక్కో ఫొటోకు వచ్చేది కొద్ది మొత్తమే. ఎప్పుడైనా ఏదైనా వస్తే దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి సంతోషించండి, కానీ ఈ రోజు వేసుకునే లెక్కలో దాని విలువ సున్నా. ఇది ఖర్చు. ఇష్టమైన పనికి సంపాదనలో కొంత ఖర్చు పెట్టుకోవడం తప్పేమీ కాదు కాబట్టి దానికి పెట్టుబడి అని వేరే పేరు పెట్టనవసరం లేదు. అలా పేరు మార్చినప్పుడే, మామూలుగా అయితే ఒప్పుకోని అప్పులను కూడా మనం ఒప్పుకుంటాం.

ముందుగా ఆరు వేల సంగతి చూద్దాం. మీ ఇంటి నుంచి నాయుడుపేట, నెల్లూరు మీదుగా మైపాడుకు రానూపోనూ సుమారు 320 కిలోమీటర్లు. నెలకు రెండుసార్లంటే 640. లీటరుకు 15 కిలోమీటర్లు, లీటరు సుమారు 110 రూపాయలు అనుకుంటే పెట్రోలుకే 4,700 అవుతుంది, దారిలో టిఫిను, భోజనం, టీలు కలిపితే మీరు చెప్పిన ఆరు వేలు సరిపోతాయి. అయితే ఫాస్టాగ్‌లో కోత పడే టోలును మీరు ఇందులో కలిపినట్లు లేదు. దానికి నెలకు 700 వేస్తున్నాను. నలభై వేల కిలోమీటర్లకు ఇరవై వేలయ్యే టైర్లు, పది వేల కిలోమీటర్లకు ఎనిమిది వేలయ్యే సర్వీసింగు కలిపి కిలోమీటరుకు 1.30 రూపాయలు పడుతుంది, అంటే మరో 830. ఇక కారు విలువ ఏటా నలభై వేలు తగ్గుతుందనుకుందాం. మీరు ఉద్యోగానికి బస్సులో వెళ్తారు కాబట్టి ఆ కారు తిరిగే తిరుగుడులో ఎక్కువ భాగం ఈ ప్రయాణాలదే. అయినా ఇంటి ముందు నిలిపినా దాని ధర తగ్గక మానదు కనుక, ఉదారంగా నెలకు వెయ్యి మాత్రమే ఈ ఖాతాలో వేస్తాను. మొత్తం 8,530. మీకు కనిపించే ఆరు వేలకూ దీనికీ తేడా రెండున్నర వేలు. నెలాఖరులో డబ్బు ఎటు పోయిందో తెలియడం లేదని మీకు అనిపిస్తుంటే, అందులో కొంత పోయింది ఇటే.

ఫొటోలు మానేస్తే మీ స్థిరమైన ఖర్చులు 53,200, మిగిలేది 10,800. అందులో ప్రయాణాలకు 8,530 తీసేస్తే 2,270 ఉంటుంది. ఈ 2,270 రూపాయల మీద నెలకు పది వేల వాయిదా ఎక్కించాలని మీరు అడుగుతున్నారు.

వడ్డీ లేని వాయిదా అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. బ్యాంకు తన వడ్డీని మానుకోదు; దుకాణదారు లేదా కంపెనీ ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని ధరలో తగ్గింపుగా ఇస్తుంది. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుంటే, 24 నెలల పాటు పది వేలు కట్టే వాయిదాల అసలు విలువ 2,06,000 చిల్లర, వడ్డీ 33,750 దాకా ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఆరు వేల పైచిలుకు, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ రుసుము అదనం. అంతకంటే ముఖ్యమైన విషయం, మొత్తం ఒకేసారి చెల్లిస్తానని బేరమాడితే దక్కే తగ్గింపులో చాలా భాగం ఈ పద్ధతిలో వడ్డీకి సర్దుబాటైపోతుంది. ఈ వాయిదాలు పడే క్రెడిట్ కార్డు బిల్లును ఏదో ఒక నెల పూర్తిగా కట్టలేకపోతే నెలకు మూడు, మూడున్నర శాతం లెక్కన వడ్డీ మొదలవుతుంది. ఆ తర్వాత అదే కార్డుతో కొన్న పప్పూ ఉప్పూ మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. షుగరు ఉన్న తండ్రి, ఆసుపత్రి బీమా ప్రస్తావన లేని ఉత్తరం, 70,000 పొదుపు: ఈ మూడూ ఒకచోట ఉన్నప్పుడు అలాంటి నెల రాదని నేను అనుకోలేను.

చీటీ పాడటం దీనికంటే ఖరీదైనది. ఇప్పుడు నలభై వేలు వదులుకుని పాడితే చేతికి 1,60,000 వస్తుంది. అందులో 85,000 మీరు కట్టిన డబ్బే. డివిడెండ్లను (ఎవరైనా పాడినప్పుడు వదులుకున్న డబ్బులో మీకు వచ్చే వాటాను) పక్కన పెట్టి చూస్తే నికరంగా తీసుకునే అప్పు 75,000, దానికి మిగిలిన 23 నెలల్లో కట్టవలసింది 1,15,000. డివిడెండ్లు ఈ భారాన్ని కొంత తగ్గిస్తాయి గాని, విహారయాత్ర కోసం ఇలాంటి అప్పు చేయమని నేను ఎవరికీ చెప్పను. పైగా పాడిన వారిని జామీనుదారులను తెమ్మంటారు; మీ పది రోజుల ప్రయాణానికి తోటి ఉద్యోగి సంతకం పెట్టవలసి వస్తుంది. చీటీని చివరి దాకా నడవనివ్వండి. చట్టం ప్రకారం నిర్వాహకుడి కమీషను ఏడు శాతం మించకూడదు కాబట్టి చివరలో మీకు 1,86,000కు తక్కువ కాకుండా రావాలి.

ఇప్పుడు కెమెరా. నాకు ఫొటోలు తీయడం రాదు, కానీ నా దగ్గరకు వచ్చేవారిలో ఈ పిచ్చి ఉన్నవారు కొందరు ఉన్నారు కనుక, వారి ఖర్చులు చూసి చూసి కొంత నేర్చుకున్నాను. డిజిటల్ ఫొటో ప్రతిదానిలోనూ అది ఏ ఫోకల్ లెంగ్తులో తీసిందో (లెన్సు ఎంత వెడల్పుగా లేదా ఎంత దగ్గరగా చూసిందో చెప్పే మిల్లీమీటర్ల అంకె) నమోదై ఉంటుంది. మీ 412 ఫొటోల నుంచి ఆ అంకెలను ఒక కాగితం మీద రాయండి. ఎక్కువ భాగం 18 దగ్గర ఉంటే మీకు కావలసింది వెడల్పాటి లెన్సు. పాత కెమెరాకే సరిపోయే అలాంటి లెన్సు సెకండ్‌హ్యాండ్‌లో కొత్త కెమెరా ధరలో చిన్న వంతుకు దొరుకుతుంది. పులికాట్ సరస్సు పక్షుల కోసమైతే మీ దగ్గరున్న చిన్న సెన్సరు కెమెరానే మీకు మేలు చేస్తుంది: అదే లెన్సుతో అది పక్షిని ఒకటిన్నర రెట్లు దగ్గరగా చూపుతుంది. ఫుల్ ఫ్రేమ్‌కు మారితే ఆ దగ్గరితనం కోసం ఇంకా పొడవైన, ఇంకా ఖరీదైన లెన్సు కొనాలి. 2,40,000 దగ్గర ఖర్చు ఆగదు. ఆ 412లో సముద్రం ఫొటోలు ఎన్నో కూడా లెక్కపెట్టండి. నెలకు రెండు ఆదివారాలే అంటున్నారు కాబట్టి అవి ముప్పై దాటవు. మిగిలిన మూడు వందల ఎనభైకి పైగా ఫొటోలు కపిలతీర్థం దగ్గరో, గోవిందరాజస్వామి పుష్కరిణి మెట్ల మీదో, బస్సు కిటికీలోంచో ఖర్చు లేకుండా వచ్చినవే అయి ఉండాలి. మీ ఇష్టం నిజంగా బతుకుతున్నది అక్కడ.

అందుకని నేను చెప్పేది ఇది. జీతం పడే బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో ఒక పొదుపు ఖాతా తెరిచి, జీతం వచ్చిన మరునాడే ఆరు వేలు దానిలోకి వెళ్లేలా ఏర్పాటు చేయండి. ఖర్చవుతుందని మీరు ఇప్పటికే నమ్ముతున్న మొత్తమే కాబట్టి ఇంట్లో ఎవరూ కొత్తగా త్యాగం చేయనక్కరలేదు. మైపాడు ప్రయాణం నెలకు ఒకటి చాలు: పెట్రోలు, తిండి, టోలు కలిపి 3,300, కారు మరమ్మతులకు 500, మిగిలిన 2,200 లెన్సు నిధి. జాతీయ రహదారుల టోళ్లకు 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన వార్షిక ఫాస్టాగ్ పాసు ఏడాదికి లేదా 200 దాటింపులకు పనికొస్తుంది. నెలకు ఒక్క ప్రయాణం చేసినా మీకు గిట్టుబాటవుతుంది. రాష్ట్ర రహదారుల టోళ్లకు అది చెల్లదు.

రెండో ఆదివారం పోయిందని బాధపడకండి. మీ కంపెనీ బస్సు రోజూ మిమ్మల్ని పులికాట్ అంచుకు తీసుకెళ్తోంది! శ్రీసిటీ నుంచి తడ దగ్గరే. శనివారం షిఫ్టు అయ్యాక తడలోనో సూళ్లూరుపేటలోనో రాత్రి ఉండి, ఆదివారం తెల్లవారుజామున శ్రీహరికోట దారిలో సరస్సు మధ్య నిలబడితే, 320 కిలోమీటర్ల పెట్రోలు లేకుండా చలికాలంలో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు దొరుకుతాయి. శ్రీహరికోటలోకి మాత్రం అనుమతి లేకుండా వెళ్లలేరు. డ్రోన్ కొనే ఆలోచన కూడా ఉంటే ఇప్పుడే మానుకోండి. అంతరిక్ష కేంద్రం, రేణిగుంట విమానాశ్రయం, తిరుమల కొండ చుట్టూ ఉన్న మీకు దాన్ని ఎగరేసే చోటు తక్కువ.

మిగిలే 4,800 ఫొటోలది కాదు. మీ ఒక్కరి సంపాదన మీద ఇల్లు నడుస్తోంది కాబట్టి కోటి రూపాయల టర్మ్ బీమా ముందు తీసుకోండి; తర్వాత అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల ప్రీమియం మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు కనుక పాత ధరలు విని భయపడవద్దు. నాన్నగారి షుగరును దరఖాస్తులో దాచకండి, దాచితే క్లెయిము వచ్చిన రోజే అది బయటపడుతుంది. వారికి రేషను కార్డు వేరుగా ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో సచివాలయంలో అడగండి. కంపెనీ ఇచ్చే బీమాలో తల్లిదండ్రులను చేర్చే వీలుందేమో కూడా చూడండి. ఉంటే అదే చవక.

సామాను గురించి ఒక్క మాట. కారు అద్దం పగలగొట్టి కెమెరా ఎత్తుకుపోతే మామూలుగా సమగ్ర కారు బీమా అద్దానికి ఇస్తుంది, కెమెరాకు ఇవ్వదు. ఉప్పునీటి తడికి కంపెనీ వారంటీ వర్తించదు. సముద్రం నుంచి వచ్చిన రాత్రే తడి గుడ్డతో తుడిచి, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెడితే లెన్సుకు బూజు పట్టదని, ఆ డబ్బా ఖర్చు రెండు వేలలోపేనని నా దగ్గరకు వచ్చే ఒక ఫొటోగ్రాఫరు చెబుతుంటారు.

ఇచ్ఛాపురం ప్రయాణానికి నా అంచనా ఇది: పక్కదారులతో కలిపి రానూపోనూ 2,200 కిలోమీటర్లకు పెట్రోలు 16,100, తొమ్మిది రాత్రుల గదులు 16,200, తిండి 9,000, ముందు వెనక సర్వీసింగు, ఇతరాలు 6,700. మొత్తం 48,000. ఒకే గుక్కలో కాకుండా మూడు ముక్కలుగా చేయమంటాను. తడ నుంచి చీరాల దాకా మీ కారులో. చీరాల నుంచి కాకినాడ దాకా 216వ జాతీయ రహదారి మీద బాపట్ల, మచిలీపట్నం, నరసాపురం, అమలాపురం మీదుగా మరో ఏడాది. పై భాగానికి తిరుపతి నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ చేరి అక్కడ బండి అద్దెకు తీసుకుని. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, ఉప్పాడ తీరపు రోడ్డు కోతకు గురవుతూనే ఉంటుంది. ఆ నెలల్లో ముందుగా గదులకు డబ్బు కట్టకండి.

ఇరవై రెండు నెలల తర్వాత కారు వాయిదా తీరుతుంది, మరుసటి నెల చీటీ ముగుస్తుంది. అప్పటికి లెన్సు నిధిలో 48,400 ఉంటుంది. చీటీ డబ్బులో 90,000 పొదుపు ఖాతాలోని 70,000కు కలిపితే మూడు నెలల ఇంటి ఖర్చు భద్రంగా ఉంటుంది. మిగిలిన దాదాపు లక్ష, లెన్సు నిధి కలిపి లక్షన్నర దరిదాపుల్లో ఉన్న ఆ మొత్తం మీ ఇష్టం. అప్పటికీ ఆ ఫుల్ ఫ్రేమ్ కెమెరానే కావాలనిపిస్తే, కొత్త మోడళ్లు రాగానే పాతవాటి ధర తగ్గడం ఈ వ్యాపారంలో మామూలే కాబట్టి, సెకండ్‌హ్యాండ్‌లో రొక్కమిచ్చి బేరమాడండి.

అంతదాకా ఆగలేననిపిస్తే, చెన్నైలో ఇలాంటి కెమెరాలు, లెన్సులు రోజు అద్దెకు ఇచ్చే దుకాణాలున్నాయి. ఈ జనవరిలో ఒక శనివారానికి ఒకటి తెచ్చుకుని, మీ పాత కెమెరాను కూడా పక్కనే పెట్టుకుని, సరస్సు దగ్గర ఒకే దృశ్యాన్ని రెండింటితోనూ తీయండి. ఇంటికి వచ్చాక ఏది దేనితో తీశారో చెప్పకుండా ఆ రెండు ఫొటోలనూ మీ ఆవిడకు చూపించి, ఏది బాగుందో అడగండి. 8,530 లెక్క రాసిన కాగితం కూడా అదే రోజు ఆమె ముందు పెట్టండి.