మిగతా డబ్బు చెల్లించే ముందు

చిరంజీవి సుధీర్‌కు పెదనాన్న ఆశీస్సులు.

పాత విమానాల చెక్క ప్రొపెల్లర్లు కొని అమ్మే పనిలో దిగుతున్నావని, మొదటిదానికి అప్పుడే బయానా కూడా ఇచ్చావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. బేగంపేట షెడ్డులో నేను చేసిన పని గురించి చిన్నప్పుడు నువ్వు అడిగిన ప్రశ్నలు ఊరికే పోలేదని ఎంతో సంతోషించాను. కానీ మిగతా డబ్బు చెల్లించేలోపే నీకు కొన్ని సంగతులు తెలియాలని వెంటనే రాస్తున్నాను.

ప్రొపెల్లర్ రెక్కల అందం తరువాత చూడు, ముందు మధ్యనున్న హబ్, అంటే ఇంజనుకు బిగించే మందపాటి భాగం, చూడు. తయారీదారు పేరు, డ్రాయింగు నంబరు, ఇంజను పేరు, దాని హార్స్‌పవర్, వ్యాసం, పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు సాగాల్సిన దూరం) వంటివి సాధారణంగా అక్కడే చెక్కలోకి గుద్ది ఉంటాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలపు బ్రిటిష్ ప్రొపెల్లర్లపై డి, పి అక్షరాల పక్కన వ్యాసం, పిచ్ మిల్లీమీటర్లలో కనిపిస్తాయి. మొన నుంచి మొన దాకా టేపుతో కొలిచి ఆ అంకెతో పోల్చు; బాగా తక్కువ వస్తే ఎవరో మొనలు కోశారని అర్థం. ఒకసారి విమానానికి బిగించిన ప్రొపెల్లర్‌కు బోల్టు రంధ్రాల చుట్టూ లోహపు పళ్లెం నొక్కుకున్న ఆనవాలు ఉంటుంది. అంచున ఇత్తడి రేకు ఉంటే మొన దగ్గర సన్నని రంధ్రాల కోసం వెతుకు. లోపల చేరిన తేమ తిరిగే వేగానికి బయటికి పోవడానికి వాటిని పెట్టేవారు. గోడ అలంకరణకు కొత్తగా చేసినవాటిలో ఇంత శ్రద్ధ అరుదు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో బేగంపేటలో టైగర్ మాత్ అనే విమానాలపై శిక్షణ ఇచ్చారు గనుక మన ఊళ్లో ఏ పాత ప్రొపెల్లర్‌నైనా టైగర్ మాత్‌దేనని చెప్పి అమ్మజూస్తారు. దాని జిప్సీ మేజర్ ఇంజను పైలట్ వైపు నుంచి చూస్తే ఎడమకు, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా, తిరుగుతుంది. కుడికి తిరిగేలా చెక్కిన రెక్క దానికి పనికిరాదు. గరుడ అన్న పేరు కనిపిస్తే మన దేశంలో చేసిందని పొరబడకు, అది బెర్లిన్ కంపెనీ.

ఇక నా అసలు భయం. సికింద్రాబాద్‌లో నాకు తెలిసిన ఒక పెద్దమనిషి ఇంట్లో, వాళ్ల మామగారి నుంచి వచ్చిన నాలుగు రెక్కల ప్రొపెల్లర్ ఉండేది. రెండేసి రెక్కల దిమ్మెలు రెండింటిని మధ్యలో ఒకదానిలో ఒకటి ఇమిడేలా కోసి కలిపిన ఆ పనితనాన్ని చూడడానికే నేను ఏదో ఒక సాకుతో వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. కూతురి పెళ్లికి హాలు మెరవాలని ఆయన ఒక వడ్రంగిని పిలిపించాడు. అతను తలుపుకు చేసే సేవే దీనికీ శ్రద్ధగా చేశాడు: శాండ్‌పేపర్‌తో పాత వార్నిషు తీసి, నున్నగా రుద్ది, కొత్త పాలిష్ పెట్టాడు. రెక్కల మీది తయారీదారు చిహ్నం పోయింది, హబ్ మీది ముద్రలు చదవలేనంత అరిగిపోయాయి. అది చాలదన్నట్టు మధ్య రంధ్రాన్ని పెద్దది చేసి గోడగడియారం బిగించారు. కొన్నేళ్ల తరువాత అమ్ముదామనుకున్నప్పుడు, కొనవచ్చినవాళ్లందరూ మొదట అడిగింది హబ్ ఫొటోయే. అది ఏ విమానానిదో, ఏ ఇంజనుదో చెప్పే ఆధారమే లేకపోవడంతో చివరికి గడియారం ధరకు పోయింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ వస్తువు తన గుర్తింపే కోల్పోయినందుకు నాకు నేటికీ బాధగా ఉంది.

అందుకే చెబుతున్నాను, ఎంత మాసిపోయినా మెత్తని పొడిగుడ్డతో తుడవడం తప్ప మరేమీ చేయకు. ముద్రలు కనిపించకపోతే పక్క నుంచి టార్చి వేసి చూడు. గోడకు నిలువుగా తగిలించకు, తేమ కిందికి దిగి ఒక రెక్క బరువెక్కుతుంది, అడ్డంగానే ఉంచు.

నువ్వు దాన్ని ఇంజనుకు బిగించి తిప్పి వీడియో తీస్తానన్నావట! బుద్ధి ఉండి అన్న మాటేనా అది? చెక్క పొరలను కలిపి పట్టుకున్న జిగురు, ఏళ్ల తరబడి తేమకూ ఎండకూ గురై, ఏ పొర దగ్గర వదిలేసిందో పైకి కనిపించదు, తిరుగుతూ విరిగిన ముక్క ఎటు దూసుకొస్తుందో ఎవరూ చెప్పలేరు. నిన్ను ఈ చేతులతో ఎత్తుకు పెంచాను నాయనా, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆ ఆలోచన మానుకున్నానని నాకు ఫోను చేసి చెప్పు.

ధర విషయానికొస్తే, అడిగే రేటును కాదు, వేలంలో నిజంగా పలికిన రేటును చూడు. ఏ విమానానిది, అసలు వార్నిషు ఉందా, మరమ్మతు జరిగిందా అన్నవాటిని బట్టే విలువ. విరివిగా తయారైన శిక్షణ విమానాలవాటికన్నా మొదటి యుద్ధపు ఫైటర్లవి సాధారణంగా ఎక్కువ పలుకుతాయి. నూరేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి రావచ్చు. అమ్మకానికి లైసెన్సు, విదేశాలకు పంపడంపై నిషేధం వంటివి ఉన్నాయి గనుక పురావస్తు శాఖలో అడిగి రాతపూర్వకంగా తెలుసుకో.

హబ్ రెండు వైపులా, మొనలు, ఇత్తడి రేకు ఫొటోలు తీసి మీ నాన్న ఫోనుకు పంపు. అవి చూసి నేను సరేననేదాకా మిగతా డబ్బు ఇవ్వకు.

ఇట్లు,
మీ పెదనాన్న