కొత్త కుక్కపిల్ల రాత్రిపూట ఏడవకుండా నిద్రపోవాలంటే ఏం చేయాలి?

ఒంగోలులో మీరు తెచ్చుకున్న రెండు నెలల కుక్కపిల్ల రాత్రంతా ఏడుస్తోందని, వరండాలో కట్టేస్తే అదే అలవాటు పడుతుందని ఇంట్లో పెద్దలు అంటున్నారని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. నిన్నమొన్నటి వరకు తల్లి పొట్టకు ఆనుకుని, తోడబుట్టిన పిల్లల వెచ్చదనంలో పడుకున్న ప్రాణి ఒక్కసారిగా ఒంటరిదైతే భయంతో అరుస్తుంది. గద్దిస్తే ఆ భయం పెరుగుతుందే తప్ప నిద్ర రాదు.

మొదటి కొన్ని వారాలు మీ మంచం పక్కనే, చేయి చాపితే అందేంత దగ్గరలో, అట్టపెట్టెలో పాత దుప్పటి పరిచి పడుకోబెట్టండి. తల్లి పడుకున్న గుడ్డముక్క దొరికితే అందులో వేయండి, ఆ వాసనకు చాలా పిల్లలు కుదుటపడతాయి. మన వైపు ఎండాకాలంలో మాత్రం దుప్పటి తీసేసి, చల్లని గచ్చు మీదకు వెళ్లే వీలు కల్పించాలి.

రాత్రి తిండి పడుకోవడానికి 2, 3 గంటల ముందే ముగించి, చివరగా ఒకసారి బయటికి తీసుకెళ్లి మూత్రం పోయించండి. ఈ వయసులో అది సుమారు 3 గంటలకు మించి ఆపుకోలేదు గనుక, నడిరాత్రి లేచి కదిలితే పెద్ద లైటు వేయకుండా, ఆడించకుండా, బయటికి తిప్పి మళ్లీ పడుకోబెట్టాలి. ఏడుపుతోపాటు వాంతులు, విరేచనాలు ఉంటే పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీయగల వైరస్ జబ్బు) కావచ్చు. ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపించండి.