షుగర్ ఉంటే ఎకోస్ప్రిన్ వేసుకోవాల్సిందేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు, చాలాకాలంగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.2 ఉంది. గుండె జబ్బు, పక్షవాతం లేవు. షుగర్ ఉంటే రక్తం గడ్డకడుతుందని ఎవరో చెప్పారట, మెడికల్ షాపులో ఎకోస్ప్రిన్ 75 కొనుక్కుని రోజూ వేసుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ కూడా. ఇప్పుడు గడ్డం గీసుకుంటూ చిన్న గాటు పడినా రక్తం ఓ పట్టాన ఆగడం లేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్ మాత్ర, ఆపించండమ్మా. డాక్టర్ రాసింది కాదు, గుండెపోటు వచ్చిన మనిషి కాదు, 70 దాటారు, దానికి తోడు డైక్లోఫెనాక్. ఈ రెండూ కలిస్తే కడుపులో పుండు పడి లోపలే రక్తం పోయే ప్రమాదం బాగా పెరుగుతుంది. అయితే స్టెంట్ ఉన్నవాళ్లు, గుండెపోటో రక్తం గడ్డకట్టి పక్షవాతమో వచ్చినవాళ్లు మాత్రం ఇది చదివి తమ మాత్ర ఆపేయొద్దు, వాళ్లకు అది తప్పనిసరి.

నాన్నగారు విన్న మాటలో నిజం లేకపోలేదు. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే రక్తనాళాల లోపొర దెబ్బతింటుంది, గడ్డ కట్టించే రక్తకణాలైన ప్లేట్‌లెట్లు చిన్నదానికే అతుక్కుంటాయి, గడ్డలో వలలా అల్లుకునే ఫైబ్రిన్ పోగులకు కూడా చక్కెర పట్టి ఆ అల్లిక దట్టమైపోతుంది. మామూలుగా పని అయిపోయిన గడ్డను శరీరమే కరిగించుకుంటుంది కదా, షుగర్‌తో పాటు పొట్ట ఉన్నవాళ్లలో ఆ కరిగే పనిని అడ్డుకునే పీఏఐ-1 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది.

మరి అందరికీ ఆస్పిరిన్ ఇచ్చేస్తే? బ్రిటన్‌లో సరిగ్గా ఇదే పరీక్షించారు. గుండె జబ్బు లేని 15,480 మంది షుగర్ పేషెంట్లలో సగం మందికి ఆస్పిరిన్, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి ఏడేళ్లకు పైగా చూశారు. 2018లో ఫలితాలొచ్చాయి: గుండెపోటు, పక్షవాతం లాంటివి 12 శాతం తగ్గాయి, తీవ్రమైన రక్తస్రావాలు 29 శాతం పెరిగాయి. ఇటు వచ్చిన లాభం అటు పోయింది. అందుకే మీ నాన్నగారి లాంటి వాళ్లకు మేం రాయం.

ఆయన అసలు సమస్య ఆ 9.2. దాన్ని తగ్గించాలి, కానీ హడావుడిగా కాదు. గ్లిమెపిరైడ్ డోసు పెంచేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, అలా పడిపోయినప్పుడూ ప్లేట్‌లెట్లు రెచ్చిపోతాయి, ఈ సంగతి చాలామందికి తెలియదు. మందు మార్చాలా, బీపీ ఎలా ఉంది, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ అవసరమా అని డాక్టర్‌ని అడగండి, గుండెను కాపాడేది ఇవన్నీ కలిసే. సిగరెట్ ఉంటే మానిపించండి. మోకాళ్లకు డైక్లోఫెనాక్ బదులు పారాసిటమాల్ చాలేమో కనుక్కోండి, ఎలాగూ కిడ్నీల కోసం క్రియాటినిన్ చేయించాలి.

ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ మళ్లీ మామూలు కాదు, కొత్తవి పుట్టడానికి వారం పది రోజులు పడుతుంది. అందాకా గాటు పడితే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోమనండి. రెండు వారాలైనా రక్తం అలాగే కారుతుంటే సీబీపీ (రక్తకణాల లెక్క), లివర్ పరీక్షలు చేయించండి. మలం తారులా నల్లగా వస్తే మాత్రం వారాల మాట లేదు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.