కప్లర్ కొనే ముందు ఎత్తు గేజి కొనండి

మూడు సంస్థల హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు) నమూనా రైలు వ్యాగన్లు మీ దగ్గర ఉన్నాయనీ, కలిపి నడిపితే దారిలో విడిపోతున్నాయనీ, అన్నిటికీ ఏ కప్లర్ (వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కొక్కెం) కొంటే ఈ బెడద తీరుతుందనీ అడిగారు. నా జవాబు విడ్డూరంగా తోచవచ్చు గానీ, కప్లర్ల కంటే ముందు ఎత్తు చూసే గేజి ఒకటి కొనండి. కప్లర్లు తయారుచేసే కేడీ సంస్థ 205 నంబరుతో అమ్మే ఆ చిన్న లోహపు దిమ్మెను, కరెంటు ఆపి, పట్టాల మీద నిలబెడితే దానికి ఉన్న కప్లర్ తల సరైన ఎత్తులో నిలుస్తుంది. మీ వ్యాగన్‌ను దాని దగ్గరకు నెట్టి, రెండు తలలూ సమంగా కలిశాయో లేదో కంటితో చూసుకోవడమే మిగిలిన పని.

ఆ గేజి లేనందువల్ల నేను ఒక నెల పోగొట్టుకున్నాను. నా లేఅవుట్‌లో (నమూనా పట్టాలు పరచిన బల్ల మీద) స్టేషను దాటిన వెంటనే పట్టాలు నూటికి రెండు చొప్పున ఎత్తెక్కుతాయి. 22 వ్యాగన్ల గూడ్సు బండి ఆ ఎత్తు మొదట్లో, ఎప్పుడూ పదకొండో వ్యాగన్ వెనకాలే తెగేది. ఒకనాటి సాయంత్రం, చూడవచ్చిన మిత్రుడి ఎదుటే, ఇంజను పదకొండు వ్యాగన్లతో ఏమీ ఎరగనట్టు సొరంగంలోకి వెళ్లిపోగా, తక్కిన పదకొండూ క్షణకాలం నిలిచి, వెనక్కి దొర్లడం మొదలుపెట్టి, వేగం పుంజుకుని, స్టేషనులో నిలిపి ఉంచిన ప్రయాణికుల పెట్టెలను గుద్దాయి. ఆ ఊపుకు చివరి పెట్టె పట్టాలు తప్పి బల్ల అంచు మీదుగా నేల మీద పడింది. దాని మెట్లు ఇప్పటికీ జిగురు అతుకులతోనే నిలబడి ఉన్నాయి. మిత్రుడు మర్యాదస్తుడు కాబట్టి నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

నేను మొదట పట్టాలను తప్పు పట్టాను. ఎత్తు మొదలయ్యే చోట అతుకులన్నీ ఊడదీసి మళ్లీ వేశాను. తరువాత ఆ రెండు వ్యాగన్ల ప్లాస్టిక్ కప్లర్లను అనుమానించి, వాటి స్థానంలో కొత్త లోహపు కప్లర్లు బిగించాను. బండి మళ్లీ అక్కడే తెగింది. చివరకు గేజి తెప్పించి పెట్టి చూస్తే, పదకొండో వ్యాగన్ వెనక కప్లర్ అర మిల్లీమీటరు కిందికీ, పన్నెండో వ్యాగన్ ముందు కప్లర్ ఇంచుమించు అంతే పైకీ ఉన్నాయి. చదునైన దారిలో ఈ తేడాతోనే అవి ఒకదాన్నొకటి పట్టుకుని నడిచేవి. ఎత్తు మొదలయ్యే మలుపులో ముందు వ్యాగన్ పైకి వంగగానే తలల మధ్య తేడా ఇంకాస్త పెరిగి, ఒక నకిల్ (కప్లర్ తలలో మడిచిన వేలిలా పట్టుకునే భాగం) రెండోదాని కింది నుంచి జారిపోయేది. నేను మార్చింది కప్లర్‌ను మాత్రమే, దాని ఎత్తు పాత చోటే ఉండిపోయింది.

నకిల్ కప్లర్ పక్కలకు ఎంత గట్టిగా పట్టుకున్నా నిలువునా జారిపోగలదు. అమెరికాలో అసలు గూడ్సు వ్యాగన్ల కప్లర్ ఎత్తుకు గరిష్ఠం 34.5 అంగుళాలు, కనిష్ఠం 31.5 అంగుళాలు అని నిబంధన పెట్టినది అందుకే. ఆ 3 అంగుళాల వెసులుబాటును 87వ వంతుకు కుదిస్తే 0.9 మిల్లీమీటర్లు కూడా రాదు. మనమేమో ఆ పాటి తేడాను కంటి అంచనాకు వదిలేసి, కప్లర్ మీద ఎవరి ముద్ర ఉందని వాదించుకుంటాం. పెట్టె మీద “నడపడానికి సిద్ధం” అని అచ్చువేసిన కొత్త వ్యాగన్లను కూడా గేజి దగ్గరకు తీసుకువెళ్లండి. నేను కొన్నవాటిలో దాదాపు సగం ఆ పరీక్షలో తప్పాయి.

ఎత్తు తక్కువైతే ఆ వైపు చక్రాల ట్రక్కుకూ (చక్రాలు బిగించి ఉన్న, పక్కలకు తిరిగే చట్రానికీ) వ్యాగన్ అడుగుకూ మధ్య పలుచని వాషర్ ఒకటి వేయండి, 0.25, 0.38 మిల్లీమీటర్ల మందం ఉన్నవి ఈ పనికే దొరుకుతాయి. అంతకు ముందు కప్లర్‌ను పట్టి ఉంచే చిన్న పెట్టె మూత వదులుగా ఉండి తల వాలిపోతున్నదేమో చూడండి, ఎందుకంటే వాలిన తలను వాషర్‌తో లేపినా బరువు పడగానే అది మళ్లీ వాలుతుంది. తేడా మరీ ఎక్కువైతే, తల దాని వెనక ఉండే కాడ కంటే పైకి గానీ కిందికి గానీ ఉండే రకాలు వాడవచ్చు. వాటి ఇంగ్లీషు పేర్లు ఎవరినైనా తికమక పెడతాయి కాబట్టి, పేరు వదిలేసి బొమ్మ చూసి ఎంచుకోండి. తల కింద వేలాడే వంకర పిన్ను పట్టాల పైభాగానికి సుమారు 0.8 మిల్లీమీటర్ల పైన ఉండాలి. అంతకంటే దిగితే దారులు చీలే చోట పట్టాకు తగిలి, ఆ వ్యాగన్ మీరు కోరని చోట విడిపోతుంది, లేదా పట్టాలు తప్పుతుంది.

బిగించేటప్పుడు కప్లర్ పెట్టెను వ్యాగన్ నడి గీత మీద కూర్చోబెట్టి, 1.8 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, మరలు కోసి, 2-56 సైజు స్క్రూతో బిగించండి. జిగురు చాలునని సలహా ఇచ్చేవారు ఉంటారు. ఆ సలహా విని నేను ఒక పెట్టెను జిగురుతో అతికిస్తే, అది సందుల్లోంచి లోపలికి పాకి, కప్లర్‌ను ఎటూ కదలని కొయ్యముక్కను చేసింది. స్క్రూ బిగించాక తలను వేలితో పక్కకు నెట్టి వదిలితే తనంతట తాను మధ్యకు రావాలి. రాకపోతే పెట్టె లోపలి అంచులను కాస్త గీకి, గ్రాఫైటు పొడి వేయండి. నూనె మాత్రం వేయకండి, అది దుమ్మును పోగుచేస్తుంది. పాత ఇంజన్లలో కొన్నిటి చట్రంలో కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి, రెండు ఇంజన్లను లోహపు కప్లర్లతో జతచేసే ముందు వాటికి ప్లాస్టిక్ పెట్టెలూ నైలాన్ స్క్రూలూ వాడడం మంచిది.

చక్రాల ట్రక్కుకే కప్లర్ తగిలించి ఉన్న వ్యాగన్లు మీ దగ్గర ఉంటే, వీలైనంత వరకు కప్లర్‌ను వ్యాగన్ అడుగుకు మార్చండి. ట్రక్కుకు ఉన్న కప్లర్ లాగేటప్పుడు మంచిదే గానీ, పొడవైన బండిని వెనక్కి నెట్టేటప్పుడు ఒత్తిడి అంతా ట్రక్కును పక్కకు తిప్పి, చక్రాలను పట్టా మీదికి ఎక్కిస్తుంది. దాదాపు 30 సెంటీమీటర్ల ప్రయాణికుల పెట్టెలను 45 సెంటీమీటర్ల వ్యాసార్ధపు వంపులో నడపక తప్పనివారికి ఇది వర్తించదు. అక్కడ అడుగుకు బిగించిన కప్లర్ పక్కకు చాలినంత తిరగలేక పెట్టెనే పట్టాల మీది నుంచి లాగేస్తుంది.

ఇక మీరు అడిగిన పేరు. మామూలు గూడ్సు వ్యాగన్లకు కేడీ 148 సరిపోతుంది. మధ్యకు లాగే సన్నని స్ప్రింగులు దానికే అమర్చి ఉంటాయి కాబట్టి, పాత 5వ నంబరులోలాగా విడి స్ప్రింగు రేకును పెట్టెలో కూర్చోబెట్టే శ్రమ లేదు. మీ వ్యాగన్లలో యూరప్ పద్ధతి ఎన్‌ఈఎం 362 గూడు (కప్లర్‌ను దూర్చే ప్రామాణిక గూడు) ఉన్నవి ఉంటే, వాటికి కేడీ 17 నుంచి 20 దాకా నంబర్లున్నవి నేరుగా దూరుతాయి. నంబరు పెరిగేకొద్దీ పొడవు పెరుగుతుంది. 18తో మొదలుపెట్టి, మీ వంపులో వ్యాగన్ల మూలలు ఒరుసుకుంటే 19కి వెళ్లండి. గూటిలో పెట్టిన ప్రతి తలనూ కూడా ఆ గేజికి ఆనించి చూడండి, ఎందుకంటే నాకు ఆఖరున పట్టుబడిన దొంగ వ్యాగన్ గూడు ఉన్నదే.